ఇంటి చదువు: ఒక ఆదివారము

"మీ పిల్లలు ఏ బడిలో చదువుచున్నారు?" అని క్రొత్తగ పరిచయమైన సోదరీమణులు మమ్ము అడుగుట పరిపాటి. ఇంటనే చదువుచున్నారని చెప్పగనే వారి ముఖమున తోచు ఆశ్చర్యము, మావారు ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయులని తెలిసిన పిమ్మట ఇనుమడించును. ఊరి పిల్లలకెల్ల చదువు చెప్పుచు సొంత పిల్లలను బడికి పంపకుండుట ఏమి వింత యని కొందరు నవ్వుదురు, కొందరు జాలిపడుదురు. ఆడపిల్ల గతి రేపు ఏమగునని మరికొందరు మా అత్తగారిని చాటుగ అడుగుదురు. ఇందరికిని వేరువేరుగ బదులు చెప్పుటకంటె, మా యింటి చదువు ఎట్లు సాగునో ఒక దినపు కథగ ఈ పత్రిక మూలమున విన్నవించుట మేలని తలచితిమి. మాకు గల తృప్తితోపాటు మాకు గల సందేహమును గూడ దాచక చెప్పెదము.

మేము బడిని ద్వేషించి ఈ మార్గము పట్టినవారము కాము. 2020 మార్చిలో కరోనా వ్యాధి కారణమున దేశమంతట బడులు మూతపడినపుడు మా అమ్మాయికి 7 ఏండ్లు, అబ్బాయికి 4. నెలల తరబడి సెల్‌ఫోను తెరపై పాఠములు వినుచు పిల్ల కన్నులు నులుముకొనుచుండుట చూడలేక, ఆ యంత్రమును ప్రక్కన పెట్టి మాకు తెలిసినది మేమే చెప్పసాగితిమి. బడులు తిరిగి తెరచిన పిమ్మటను ఆ వాడుక నిలిచిపోయినది. ఇప్పుడు అమ్మాయికి 12, అబ్బాయికి 9. ఉదయము భాష, చరిత్ర మా వంతు. సాయంకాలము గణితము, ప్రకృతి శాస్త్రము, ఇంగ్లీషు మావారి వంతు. ఆదివారము అందరిది.

మా సంగతియు కొంత చెప్పవలెను. ధర్మపురిలో గోదావరి యొడ్డున మా తాతగారి యింట మేము పెరిగితిమి. బడి గడప త్రొక్కి యెరుగము. అమరకోశము, రఘువంశము, కవిత్రయ భారతము, పోతన భాగవతము ఆయన ముందు చాపపై కూర్చుండి నేర్చినవే. కష్టకాలములందు ఆ చదువు మాకు తోడు నిలిచినది. అయినను కొన్నేండ్ల క్రిందట ఒక కార్యాలయమున అర్జీ నింపవలసి వచ్చినపుడు "విద్యార్హత" యను గడి కడ మా కలము ఆగినది. అచ్చటి గుమాస్తా తల యెత్తకయే, "ఏమీ లేదని వ్రాయండమ్మా" అనెను. పదునెనిమిది పర్వములు చదివిన చేతితో "ఏమియు లేదు" అని వ్రాసి వచ్చితిమి. కావున ఇంటి చదువునందలి బలము, కొరత రెండును అనుభవించియే మాటలాడుచున్నామని చదువరులు గ్రహింపగోరెదము.

ఇక ఆ ఆదివారము. తెల్లవారగనే పిల్లలిద్దరు చెరియొక పద్యము చదివి అర్థము చెప్పవలెను. అది ముగియగనే పాఠశాల వంటయింటికి మారును. బయట తినుటకు సర్వపిండి చేయుట ఆ నాటి యేర్పాటు. మా అత్తగారు గ్రాముల లెక్క నమ్మరు. ఆమె కడ ఇత్తడి సోల, గిద్ద ఉన్నవి. రెండు సోలల బియ్యపుపిండికి అరసోల పల్లీలు, గిద్ద నువ్వులు అని ఆమె లెక్క. "ఈ దినము పిండి మూడు సోలలు. పల్లీలెన్ని, నువ్వులెన్ని?" అని ఆమె అడుగగా చిన్నవాడు వ్రేళ్లు మడచి, నాలుగు గిద్దలు ఒక సోల గనుక పల్లీలు మూడు గిద్దలు, నువ్వులు గిద్దన్నర యని తేల్చెను. గిద్దకు రెట్టింపు అరసోల, దానికి రెట్టింపు సోల, తరువాత తవ్వ, మానిక, అడ్డ, కుంచము. ఆరుమార్లు రెట్టించిన గిద్ద 64 గిద్దల కుంచమగును. రెండును ఆరుమార్లు వ్రాసి గుణించిన వచ్చు సంఖ్యయు 64 యే యని అమ్మాయి పలకపై వేసి తమ్మునికి చూపినది. మహావీరాచార్యుని సంస్కృత గణితమును పావులూరి మల్లన వందల యేండ్ల క్రిందటనే తెలుగు పద్యములలోనికి తెచ్చెనని మేము చెప్పగా, లెక్కలు గూడ పద్యములేనా యని వాడు బెంగపడెను.

నానిన శనగపప్పు, ఉల్లికాడలు, కరివేపాకు, పచ్చిమిరప, జీలకర్ర చేర్చి పిండి తడిపి, గంజు లోపల అరచేతితో పలుచగ అద్ది, వ్రేలితో నడుమ నడుమ రంధ్రములు చేసి, వానియందు నూనె వేసి మూత పెట్టుట మీరెరిగినదే. రంధ్రములెందుకని వాని ప్రశ్న. నూనె అడుగునకు దిగి అంతట ప్రాకుటకు, లోపలి ఆవిరి బయటికి వచ్చుటకు అని మావారు చెప్పిరి. ఒకటి దించిన పిమ్మట గంజును బోరగిలజేసి నీరు పోసి చల్లార్చినగాని రెండవది అద్దరాదు. కాలిన గంజునకు పిండి అంటదు, చేయి మాత్రము కాలును. సుయ్యిమని నీరావిరియగుట చూచుటకే వాడు మూడవ సర్వపిండికి గూడ సిద్ధపడెను. శాస్త్రము పొయ్యికడ నిలుచుండి నేర్చిన ఆకలియు తీరును.

డబ్బాలు సంచిలో పెట్టుకొని, అత్తగారిని ఇంట విశ్రమింపుమని కోరి, నలుగురము బయలుదేరితిమి. మా నివాసము నాంపల్లి స్టేషనుకు చేరువనొక సందులో. 1907లో తెరచిన ఆ స్టేషనును రైల్వేవారు హైదరాబాదు అందురు. ఊరివారు నాంపల్లి అందురు. అచ్చటినుండి అబిడ్సు వైపు పోవు దారిలో అంగళ్ల పలకలపై తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు లిపులు కలిసిమెలిసి యుండును. ఉర్దూ అక్షరములు కుడినుండి ఎడమకు కూడబలుకుట చిన్నవానికి ఇప్పుడొక వినోదము.

ఆ దారిలోనే గోల్డెన్ థ్రెషోల్డు అను పాత భవనము గలదు. అది సరోజినీ నాయుడుగారి కుటుంబపు ఇల్లు. 1905లో వెలువడిన ఆమె మొదటి ప్రసిద్ధ కవితా సంపుటి పేరే ఇంటికి నిలిచినది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయము మొదట ఆరంభమైనదియు ఇచ్చటనే. ఆమె తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయగారు ఎడింబరోలో విజ్ఞానశాస్త్రమున పట్టము పొంది వచ్చి నిజాము కళాశాలకు తొలి ప్రధానాచార్యులైరి. సరోజిని 12 ఏండ్లకే, 1891లో, మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషను పరీక్షలో నెగ్గినది. ఇంటి చదువునకు ఇంతకంటె గొప్ప ఉదాహరణము హైదరాబాదున లేదని మేము పిల్లలకు చెప్పుచుంటిమి. బీజగణితపు లెక్క ఎంతకును తేలక నిట్టూర్చుచుండగా కవిత పుట్టినదని ఆమెయే ఒక లేఖలో చెప్పుకొన్నది. తండ్రి తోటలో ప్రతిదినము పండితులు, ఫకీరులు, రాజులు, బిచ్చగాండ్రు అన్ని మతములవారు చేరి చర్చలు సాగించెడివారట.

అంతవరకు చెప్పి ఊరకుంటిమి. కాని మావారు మిగిలిన సంగతియు చెప్పిరి. 9 ఏండ్ల వయసున ఇంగ్లీషు మాటలాడనని ఆ బాలిక మొండిపట్టు పట్టగా, తండ్రి ఆమెను ఒక గదిలో దినమంతయు ఒంటరిగ ఉంచి తలుపు మూసెనట. ఇదియు ఆమె లేఖలోనిదే.

అమ్మాయి నడక ఆపి, "అయితే ఇంటి బడిలోనూ శిక్ష ఉంటుందన్నమాట" అనెను. మేమెవ్వరము బదులు పలుకలేదు. ఆ మాట మాత్రము మాతో నడచి వచ్చినది.

అబిడ్సు చేరితిమి. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కొలువున ఆల్బర్ట్ ఆబిద్ అను పరిచారకుడు ఇచ్చట దుకాణము పెట్టుటచే ఈ పేట కా పేరు వచ్చినదని చెప్పుదురు. కూడలిలోని పెద్ద తపాలా కార్యాలయపు డబ్బాలో పిల్లలు ధర్మపురికి, వారి అమ్మమ్మకు, కార్డు వేసిరి. ఈ కార్యాలయపు పిన్ సంఖ్య 500001. మొదటి అంకె 5 తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక గల మండలమునకు గుర్తు. మొదటి మూడంకెలు ఉత్తరములు వేరుచేయు జిల్లాకు. కడపటి మూడు ఉత్తరము పంచు కార్యాలయమునకు. అమ్మమ్మ ఊరి సంఖ్య 505తో మొదలగును గనుక ఆ కార్డు ఎచ్చట దారి చీలునో అమ్మాయి ఊహించి చెప్పెను. 1972 ఆగస్టు 15న అమలునకు వచ్చిన ఈ యేర్పాటును రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్కర్ గారు సంస్కృత కవి యని తెలిసినపుడు మాకు కలిగిన సంతోషము ఇంతింతయన రాదు. కావ్యములు చదివిన బుద్ధి లోకవ్యవహారమునకు పనికిరాదనువారికి ఇకముందు ఉత్తరముపై నున్న ఆ ఆరంకెలు చూపెదము.

ఆదివారము అబిడ్సులో దుకాణములనేకము మూసియుండును. వాని ముందరి కాలిబాటలే పుస్తకాలయములగును. పరచిన పట్టాలపై వైద్యగ్రంథములు, పరీక్షల పుస్తకములు, చిరిగిన నవలలు, బొమ్మల కథలు రాసులుగ పడియుండును. పిల్లలకు చెరి 100 రూపాయలు, అంతకు మించరాదు. బేరమాడుట, అట్టకంటె లోపలి పుటలు చూచుట, పుటలు చినిగినవేమో లెక్కించుట నేర్చు పాఠశాల అదియే. అబ్బాయి పక్షుల పుస్తకమును పట్టుకొని వదలలేదు. అమ్మాయి చాలసేపు వెదకి, ఎవరో బాలిక పేరు, తరగతి మొదటి పుటపై వ్రాసియున్న ఒక ఏడవ తరగతి వాచకము కొన్నది. కథల పుస్తకము తీసికొనరాదా యంటిమి. ఇదియే కావలెననెను.

అచ్చటినుండి మరికొంత దూరము నడచిన సుల్తాన్ బజారు. 1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము పుట్టినది ఆ ప్రాంతముననే. దానిని నెలకొల్పినవారిలో నొకరైన కొమర్రాజు లక్ష్మణరావుగారికి అక్క భండారు అచ్చమాంబగారు. 1874లో పుట్టిన ఆమెకు బడి లేదు. తమ్ముడు చదువుకొనుచుండగా ప్రక్కన చేరి నేర్చినది; పిమ్మట పలు భాషలు సాధించి, దేశమందలి ఉత్తమ స్త్రీల చరిత్రలు సేకరించి "అబలా సచ్చరిత్ర రత్నమాల" రచించినది. కడుపున పుట్టిన బిడ్డలను పోగొట్టుకొన్న దుఃఖముననే ఈ పనియెల్ల చేసి, 1905లో కన్నుమూసినది. ఈ కథ మా పిల్లలకు కంఠస్థము. కాని ఆ దినము అమ్మాయి క్రొత్త ప్రశ్న వేసినది: "తమ్ముడు బడికి పోతే ఆమె ఎందుకు పోలేదమ్మా?" ఆ కాలమున పంపెడివారు కారు తల్లీ, అంటిమి. ఆమె మరేమియు అడుగలేదు.

మధ్యాహ్నమునకు మరలి వచ్చి పబ్లిక్ గార్డెన్సు చేరితిమి. జనవరి వచ్చినంతనే నాంపల్లి మైదానమున మనమందరము పరుగిడి పోవు నుమాయిషు 1938లో మొదట జరిగినది ఈ తోటలోనే. చెట్టునీడన సర్వపిండి తిని, తోటలోని మ్యూజియమునకు పోతిమి. ఈజిప్టు దేశపు మమ్మి యొకటి ఇచ్చట గలదు. రెండువేల యేండ్లకు మించిన ఆ యువతి దేహమును నజీర్ నవాజ్ జంగ్ కొనితెచ్చి ఏడవ నిజామునకు కానుక యిచ్చెననియు, ఆయన దానిని మ్యూజియమున కొసగెననియు చెప్పుదురు. మేము పోవునప్పటికి ఏదో జిల్లానుండి విహారయాత్రకు వచ్చిన బాలికలు, ఒకే రంగు రిబ్బనులతో, ఆ పెట్టె చుట్టును మూగియుండిరి. ఒకతె భయపడినట్లు నటించుచు, ఒకతె నవ్వాపుకొనలేక, ఒకతె ఉపాధ్యాయిని చెప్పునది వడివడిగ వ్రాసికొనుచు. మా అమ్మాయి మెల్లగ పోయి ఆ వరుస చివర నిలిచినది. ఆ చివరి పిల్ల, అడుగకయే, కొంచెము జరిగి చోటిచ్చినది. ఇద్దరును ఆ అద్దములోనికి తొంగిచూచుచు ఏమేమో చెప్పుకొనిరి. ఉపాధ్యాయిని పిలువగనే ఆ పిల్లలందరు బిలబిల తరలిపోయిరి. మా పిల్ల ఒక్కతె నిలిచియుండెను.

బయటికి వచ్చి పచ్చికపై కూర్చున్న పిమ్మట ఆమె తండ్రితో, "నాన్నా, జూనులో నేను బడికి వెళ్తాను" అనెను. ఏ ప్రశ్నకును తావులేనంత నిదానముగ అనెను. మా గుండె ఒక్కసారి కలుక్కుమనెను. ఐదేండ్ల మా శ్రమ ఆమెకు చాలలేదా యని తోచినది. మావారు మాత్రము చిరునవ్వుతో, "నీకు అక్కడ ఏమి కావాలమ్మా?" అని అడిగిరి. "పాఠాలు కాదు. నా ఈడు పిల్లలు" అని ఆమె సమాధానము.

రాత్రి పిల్లలు నిద్రించిన పిమ్మట మేమిద్దరము చాలసేపు మాటలాడుకొంటిమి. మావారు చెప్పినది ఇది. "తరగతిలో నలుబదిమందికి ఒకే వేగమున చెప్పవలసి వచ్చి నేను నలిగిపోవు దినములు గలవు. ఆ విషయమున మన యిల్లే మేలు. కాని ఒకతె తన అన్నము డబ్బా ఇంకొకతె ముందుకు జరుపుట, పోట్లాడుట, మరల కలియుట, తన యింటి మాట కానిది వినుట, ఇవి నేను చెప్పు పాఠములు కావు. అయినను బడిలోనే జరుగును. వానిని నీవు గాని నేను గాని ఇంట తయారుచేయలేము."

మాకు సరోజినీదేవి తండ్రి మరల గుర్తునకు వచ్చెను. అంతటి విద్వాంసుడు, ఊరిలోని వారందరికి తోట వాకిలి తెరచిన మనిషి, ఒక దినము కూతురి గది తలుపు మూసెను. ఇంట చదువు చెప్పువారికి ఈ భయము ఎల్లప్పుడు ఉండవలసినదే. బడిలో గురువు కఠినుడైన పిల్ల ఇంటికి వచ్చి చెప్పుకొనును. ఇంట గురువే తల్లియైన ఎవరికి చెప్పుకొనును? పిల్ల అడుగువరకు తలుపు తెరచియుంచుటయే గాక, అడిగినపుడు పోనిచ్చుటయు ఇంటి చదువులో భాగమే.

మరియొక మాట గూడ చెప్పక తప్పదు. ఇంట చదివించుట వేరు, ఇంట ఉంచుట వేరు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చిన విద్యాహక్కు చట్టము, 6 మొదలు 14 ఏండ్ల బాలబాలికలందరకు ఉచిత నిర్బంధ విద్యను హక్కుగ నొసగినది. ఇంటి చదువును గూర్చి అందు ప్రత్యేకముగ ఏమియు లేదు. తమ్ముని ఎత్తుకొనుటకో, పొలము పనికో, పెండ్లి తొందరకో ఆడపిల్లను బడి మాన్పించు ఇండ్లు నేటికిని గలవు. అట్టి పిల్లకు ఆ చట్టము పెట్టనికోట. మా ముచ్చట చెప్పుకొని ఆ కోటకు బీటలు తేగోరము.

ఈ మార్గము నవలంబింపదలచు సోదరీమణులకు మా అనుభవమున తోచిన నాలుగు మాటలు. ఇంట ఒక పెద్దవారికైన ప్రతి ఉదయము రెండు మూడు గంటల తీరిక నిజముగ ఉండవలెను. వంట నడుమ చెప్పు చదువు ఒక దినము రుచించును గాని ఏడాది పొడుగున సాగదు. తమకు రాని విద్యకు ఇతరులను ఆశ్రయించుటకు సిగ్గుపడరాదు. వారమునకు రెండుమార్లైన తోటి పిల్లలతో ఆట ఉండవలెను. పరీక్షల దారి ముందుగనే ఎరిగియుండవలెను: 1989లో నెలకొన్న జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏండ్లు నిండినవారు బడికి పోకయే పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును, మన రాష్ట్రమునకును సార్వత్రిక పాఠశాల గలదు. అన్నిటికంటె ముఖ్యము, ప్రతి యేడు వేసవిలో పిల్లను కూర్చుండబెట్టి నీకేమి కావలెనని అడుగవలెను, చెప్పినది వినవలెను.

మా అమ్మాయి జూనులో బడిలో చేరును. ఉదయపు పద్యము మాత్రము మాననని ఆమెయే షరతు పెట్టినది. చిన్నవాడు ఇంటనే ఉండెదననుచున్నాడు. వానిని వచ్చే వేసవిలో మరల అడిగెదము.

సార్వత్రిక విద్యాసంస్థవారి నిబంధనలు కూతురి కొరకు చదువుచుండగా ఒకచోట మా చూపు నిలిచినది. పై వయసునకు హద్దు లేదట. పూర్వపు పత్రము లేనివారు, పదవ తరగతి చదువుటకు తగినంత నేర్చితిమని స్వయముగ వ్రాసి యిచ్చిన చాలునట. మా అత్తగారు విని, "అయితే ఇంక ఆలస్యమెందుకమ్మా?" అనిరి. గణితము మావారు చెప్పెదరు. ఇంగ్లీషు తాను చెప్పెదనని అమ్మాయి ముందుకు వచ్చినది. తప్పు వ్రాసిన గదిలో పెట్టి తలుపు మూయనని మాట గూడ ఇచ్చినది. అర్జీ తెప్పించి నింపుచున్నాము.